ఫ్రేమ్ ఎవరిది? వీడియో డీకోడింగ్ ఏపీఐల పాతికేళ్ల సమీక్ష

ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే హెచ్.264 లెక్కన 8,160 మాక్రోబ్లాకులు. సెకనుకు 30 ఫ్రేములు ఆడితే 2,44,800 బ్లాకులు. ప్రతి బ్లాకుకూ కుదించిన బిట్లు విప్పాలి, పాత ఫ్రేముల్లోంచి ముక్కలు తెచ్చి అతకాలి, మిగులు విలువలు కలపాలి, అతుకుల దగ్గర అంచులు నునుపు చేయాలి. ఇదంతా సీపీయూ చేయగలదు. కానీ చేస్తే ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. అందుకే ఇవాళ ఫోన్లలోని చిప్‌లోనూ గ్రాఫిక్స్ కార్డులోనూ ఈ పనికే కేటాయించిన సర్క్యూట్ ఒకటి ఉంటుంది.

ఆ సర్క్యూట్ గీయడం తేలికని కాదు. అయితే అక్కడ సరైన సమాధానం ఏమిటో ముందే తెలుసు. ఏ బిట్లకు ఏ పిక్సెళ్లు రావాలో కోడెక్ ప్రమాణం అక్షరాలా చెబుతుంది, వచ్చాయో లేదో సరిచూసుకోవచ్చు. ఆ సర్క్యూట్‌తో ప్రోగ్రాము ఎలా మాట్లాడాలో చెప్పే ప్రమాణం మాత్రం ఒక్కటి కుదరలేదు. ఎక్స్‌వీఎంసీ, డీఎక్స్‌వీఏ, వీడీపీఏయూ, వీఏ-ఏపీఐ, ఓపెన్‌మ్యాక్స్, మీడియాకోడెక్, వీడియోటూల్‌బాక్స్, ఎన్‌వీడెక్, లైనక్స్‌లో వీడియో ఫర్ లైనక్స్ ఇంటర్‌ఫేసులు రెండు, బ్రౌజర్లలో వెబ్‌కోడెక్స్, ఇప్పుడు వల్కన్ వీడియో. ఒక ప్లేయర్ రాసేవాడు వీటిలో సగాన్నైనా నేర్చుకోక తప్పదు.

ఇన్ని రావడానికి కంపెనీల పోటీ ఒక కారణం. లోతైన కారణం వేరే ఉంది. ఈ ఇంటర్‌ఫేసుల్లో నిలిచినవేవి, కూలినవేవి అని వరుసగా చూస్తే, పిక్సెళ్లు లెక్కగట్టే చోట ఏదీ ఓడలేదు. అన్నీ రెండు ప్రశ్నల దగ్గర గెలిచాయి లేదా ఓడాయి. స్ట్రీమ్‌లో ఇంతవరకు జరిగినదాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? తయారైన ఫ్రేమ్ ఎవరి అధీనంలో ఉండాలి? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పిన ఇంటర్‌ఫేసే మంచి ఇంటర్‌ఫేస్ అని నా అభిప్రాయం. మిగతాదంతా దానికి సాక్ష్యం.

గీత ఎక్కడ గీయాలి

డీవీడీల కాలంలో అందరి ముందూ ఉన్న కోడెక్ ఎంపెగ్-2. లైనక్స్, యునిక్స్ డెస్క్‌టాప్‌ల కోసం ఎక్స్ విండో సిస్టమ్‌కు అనుబంధంగా 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఎక్స్‌వీఎంసీ వచ్చింది. దానిలో పని పంపకం ఇలా ఉండేది: బిట్లు విప్పడం సీపీయూ వంతు. మోషన్ కాంపెన్సేషన్ (పాత ఫ్రేముల ముక్కలు అతికే పని), కార్డుకు చేతనైతే మిగులు విలువలు తిరిగి లెక్కగట్టే విలోమ డీసీటీ కూడా, కార్డు వంతు. ప్రోగ్రాము మాక్రోబ్లాకులను, మోషన్ వెక్టర్లను, మిగులు విలువలను మెమరీలో పేర్చి అందిస్తే కార్డు ఫ్రేమ్ కడుతుంది. ఆనాటి కార్డుల్లో ఏ సౌకర్యం ఉందో దానికి అచ్చు పోసినట్టు తయారైన ఇంటర్‌ఫేస్ ఇది. దాని ఆయువు తగ్గడానికి కారణమూ అదే. వయా సంస్థ చిప్‌లు బిట్లు విప్పే పనిని కూడా తామే చేసుకోగలిగినప్పుడు ఎక్స్‌వీఎంసీలో దానికి చోటు లేకపోయింది. వేరే అనుబంధం తగిలించుకోవలసి వచ్చింది.

2003లో హెచ్.264 వచ్చాక ఆ గీత పూర్తిగా చెల్లని కాసైంది. హెచ్.264లో ఒక బ్లాకును ఊహించడానికి అదే ఫ్రేమ్‌లో పక్కనే అప్పుడే కట్టిన బ్లాకు పిక్సెళ్లు కావాలి. అంచులు నునుపు చేసే వడపోత కూడా డీకోడింగ్ వలయంలోనే జరుగుతుంది. వడపోసిన ఫ్రేమే తర్వాతి వాటికి ఆధారం. అన్నిటికీ మించి కాబాక్ అనే అంకగణిత సంకేతాలను విప్పడం ఒక బిట్ తర్వాత ఒక బిట్‌గా సాగే పని, సీపీయూకు మహా భారం. బిట్లు విప్పడం సీపీయూ చేస్తుందనే పంపకం అత్యంత బరువైన మూటను తిరిగి సీపీయూ నెత్తినే పెడుతోందన్నమాట.

గీతను ఎక్కడ గీయాలో ముందే తేల్చుకోలేని సందిగ్ధం ఇంటెల్ రూపొందించిన వీఏ-ఏపీఐలో ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో డీకోడింగ్‌కు ఐదు ప్రవేశ ద్వారాలు నిర్వచించారు: బిట్ల స్థాయి, జిగ్‌జాగ్ స్థాయి, డీసీటీ స్థాయి, మోషన్ స్థాయి, డీబ్లాకింగ్ స్థాయి. ఏ చిప్ ఎంత చేయగలిగితే ఆ ద్వారం దగ్గర పని అందుకోవాలని ఉద్దేశం. ఆచరణలో కొత్త కోడెక్‌లన్నీ మొదటి ద్వారంలోంచే నడుస్తున్నాయి. మిగతా నాలుగూ చరిత్ర గుర్తులుగా మిగిలాయి. మైక్రోసాఫ్ట్ డీఎక్స్‌వీఏలోనూ ఇదే జరిగింది. హెచ్.264కు రకరకాల మోడ్‌లు నిర్వచించినా, బిట్ల నుంచి మొత్తం కార్డే చేసే మోడ్ ఒక్కటే జనంలోకి వెళ్లింది.

అలా 2008 నాటికి డెస్క్‌టాప్‌ల మీద ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. ఆ ఏడాది నవంబరులో ఎన్‌విడియా వీడీపీఏయూ ప్రకటించింది. వీఏ-ఏపీఐ కూడా అదే కాలంలో రూపు దిద్దుకుంది. రెండింటిలోనూ ప్రోగ్రాము హెడర్లు చదువుతుంది, ఈ ఫ్రేమ్‌కు ఏయే పాత ఫ్రేములు ఆధారమో లెక్క తేలుస్తుంది, ఆ వివరాలతో పాటు స్లైస్ (ఫ్రేమ్‌లోని బ్లాకుల గుంపు) బిట్లను ఉన్నవి ఉన్నట్టు అందిస్తుంది. అక్కణ్ణుంచి పిక్సెళ్ల దాకా హార్డ్‌వేర్ పని. పాతికేళ్ల అనుభవంలో డెస్క్‌టాప్‌ల మీద చెక్కుచెదరకుండా మిగిలిన నిర్ణయం ఇదొక్కటే అనిపిస్తుంది. ప్రమాణంలో పనికి సహజంగా ఉన్న కీలు దగ్గర కోశారు, అందుకే అది నిలిచింది. హెడర్లు చిన్నవి, చిక్కులతో కూడినవి, సాఫ్ట్‌వేర్‌కు నప్పేవి. స్లైసులు పెద్దవి, ఒకే తీరుగా సాగేవి, సర్క్యూట్‌కు నప్పేవి.

చరిత్ర ఎవరు మోయాలి

ఫోన్లలో కథ ఇంకో దారి పట్టింది. వంటవాడికి కూరగాయలు తరిగి ఇవ్వడం ఒక పద్ధతి, సంచీ చేతికిచ్చి వంటయ్యాక పిలవమనడం ఇంకో పద్ధతి. ఫోన్ చిప్‌లు రెండో పద్ధతిని ఎంచుకున్నాయి. చాలా చిప్‌లలో డీకోడర్ పక్కనే చిన్న ప్రాసెసరూ, దానిలో తయారీదారు రాసిన ఫర్మ్‌వేరూ ఉంటాయి. ఒక కొసన బిట్‌స్ట్రీమ్ పోస్తే ఇంకో కొసన ఫ్రేములు వస్తాయి. హెడర్లు చదవడం, ఆధార ఫ్రేములను దాచుకోవడం, చూపించే వరుసలో వాటిని బయటికి పంపడం అన్నీ లోపలే. క్వాల్‌కామ్ వీనస్, శామ్‌సంగ్ ఎంఎఫ్‌సీ ఇలాంటివే. క్రోనోస్ సంస్థ ఓపెన్‌మ్యాక్స్ ఐఎల్, దాని మీద ఆండ్రాయిడ్ 2012లో 4.1 వెర్షన్‌తో తెచ్చిన మీడియాకోడెక్, ఈ నమూనాకే ఇంటర్‌ఫేసులు. ఆండ్రాయిడ్ 10లో ఓపెన్‌మ్యాక్స్ స్థానంలోకి కోడెక్2 వచ్చింది గానీ యాప్ రాసేవారికి కనిపించే ముఖం మీడియాకోడెకే.

యాప్ రాసేవారికి ఇది ఎంత సుఖమో ఒప్పుకోవాలి. ఖాళీ ఇన్‌పుట్ బఫర్ అడగాలి, నింపి ఇవ్వాలి, నిండిన అవుట్‌పుట్ బఫర్ అందుకోవాలి, తెరకు వదలాలి. ఆధార ఫ్రేముల లెక్క తెలియకుండానే ఒక ఇంజనీరు రెండు రోజుల్లో ప్లేయర్ నమూనా తయారు చేయగలడు. కష్టం మొదలయ్యేది సుఖం అయిపోయాక. వీక్షకుడు వీడియోను ముందుకో వెనక్కో జరిపాడు. అంటే లోపల పేరుకున్న చరిత్రను చెరిపేయాలి. చెరిపే ఆజ్ఞ ఉంది, కానీ అది ఎంత చెరుపుతుందన్నది ఫర్మ్‌వేర్ దయ. నెట్ వేగాన్ని బట్టి మధ్యలో రెజల్యూషన్ మారింది. కొన్ని చిప్‌లు సర్దుకుంటాయి, కొన్ని బిగుసుకుపోతాయి. గూగుల్ ఎక్సోప్లేయర్ సోర్స్ తెరిచి చూస్తే ఫలానా మోడల్ ఫోన్‌లో ఫలానా డీకోడర్‌కు ఫలానా మందు అని రాసిన పెద్ద పెద్ద జాబితాలు కనిపిస్తాయి. అంత మంచి ఇంజనీర్లు అలాంటి జాబితా రాయవలసి వచ్చిందంటే లోపం వాళ్లది కాదు. స్థితి, అంటే ఆ చరిత్ర, అంతా కంటికి కనపడని చోట పెట్టి, దాని ప్రవర్తనకు కచ్చితమైన నిర్వచనం ఇవ్వని ఇంటర్‌ఫేస్‌ది.

ఆలస్యం సంగతీ ఇదే. వీడియో కాల్‌లో వచ్చిన ఫ్రేమ్ వచ్చినట్టే తెరమీదికి రావాలి. లోపలి డీకోడర్ మాత్రం వరుస మారుతుందేమోనని కొన్ని ఫ్రేములు పట్టుకుని కూర్చోవచ్చు. ఈ స్ట్రీమ్‌లో వరుస మారదని యాప్‌కు తెలిసినా చెప్పే దారి ఉండేది కాదు. తక్కువ ఆలస్యం కావాలని చెప్పే తాళంచెవి ఆండ్రాయిడ్‌లో 11వ వెర్షన్‌తో గానీ ప్రమాణంగా రాలేదు. స్థితి యాప్ చేతిలో ఉండే నమూనాలో ఈ తాళంచెవి అవసరమే లేదు. ఏ ఫ్రేమ్ ఎప్పుడు చూపించాలో యాప్ ఇష్టం.

లైనక్స్ కెర్నల్ ఈ రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టింది. పోల్చి చూడదలచినవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఫర్మ్‌వేర్ ఉన్న చిప్‌లకు స్థితిగల ఇంటర్‌ఫేస్: రెండు క్యూలు, ఒకదానిలో బిట్లు, ఇంకోదానిలో ఫ్రేములు. ఆల్‌విన్నర్, రాక్‌చిప్, హాంట్రో వంటి ఫర్మ్‌వేర్ లేని డీకోడర్లకు స్థితిరహిత ఇంటర్‌ఫేస్, అంటే చరిత్రను యాప్ దగ్గరే ఉంచేది. ఈ రెండోదానికి ఒక చిక్కు ఉండేది. ప్రతి ఫ్రేమ్‌తో పాటు దానికే చెందిన హెడర్ వివరాలు జంటగా వెళ్లాలి. పాత పద్ధతిలో బఫర్లు ఒక దారిన, సెట్టింగులు ఇంకో దారిన వెళ్లేవి. వాటిని ఒకే మూటగా కట్టే రిక్వెస్ట్ ఏపీఐ 2018 చివర కెర్నల్ 4.20తో వచ్చింది. ఆల్‌విన్నర్ చిప్‌ల డ్రైవర్ కోసం ఫ్రాన్స్‌లోని బూట్‌లిన్ సంస్థ అదే ఏడాది జనం దగ్గర చందాలు పోగు చేసి పని నడిపింది. హెచ్.264 వివరాల నిర్మాణాలు స్థిరపడి అధికారిక ఇంటర్‌ఫేస్‌లోకి ఎక్కింది 2021 ఆరంభంలో, కెర్నల్ 5.11తో. రెండేళ్లకు పైగా పట్టింది. ఈ జాప్యాన్ని విమర్శించినవాళ్లున్నారు. కెర్నల్ ఇంటర్‌ఫేస్ ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోలేరు కనుక, ఒకటికి మూడు చిప్‌ల మీద నడిచి నిగ్గు తేలాకే ముద్ర వేయడం సరైనదని నేనంటాను.

స్థితిరహితం అన్న మాటకూ హద్దుంది. వీపీ9లో ఒక ఫ్రేమ్ డీకోడ్ అయ్యాక అందులో ఏ సంకేతం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఆ లెక్కతో తర్వాతి ఫ్రేమ్ సంభావ్యతలను సవరించాలి. లెక్కించేది హార్డ్‌వేర్. సవరించేది ఎవరు? ప్రతి ఫ్రేమ్‌కూ ఆ లెక్కలు యాప్ దాకా వచ్చి తిరిగి వెళ్లాలంటే వరుస ఆగిపోతుంది. అందుకని లైనక్స్‌లో ఆ సవరణను కెర్నల్‌లోనే పెట్టారు, డ్రైవర్లన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్‌గా. సూత్రం కోసం పట్టుబట్టకుండా కోడెక్ స్వభావాన్ని చూసి చేసిన మినహాయింపు ఇది. మంచి నిర్ణయం.

ఈ పోలికలో నా ఓటు స్థితిరహితానికే. చరిత్ర యాప్ దగ్గర ఉంటే పొరపాటు జరిగినప్పుడు కోలుకోవడం తేలిక. ఒకే సర్క్యూట్‌ను పది వీడియోల మధ్య పంచడం తేలిక. హార్డ్‌వేర్ చేతులెత్తేస్తే తర్వాతి కీఫ్రేమ్ నుంచి సాఫ్ట్‌వేర్‌కు మారడం తేలిక. అయితే అందరి మీదా ఆ బరువు మోపనక్కర్లేదు. ఎన్‌విడియా వాళ్ల సొంత ఇంటర్‌ఫేస్‌లో డీకోడర్ వేరు, హెడర్లు చదివే పార్సర్ వేరు. పార్సర్ కావాలంటే వాడుకోవచ్చు, వద్దంటే సొంతది రాసుకుని నేరుగా డీకోడర్‌ను పిలవవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలో రెండు దారులూ ఉన్నాయి. ఎన్‌విడియా పార్సర్ మీద ఆధారపడే డీకోడర్లు ఒకటి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత పార్సర్‌తో నడిచే ఎన్‌వీడెక్ దారి ఇంకొకటి. కింద నిక్కచ్చి పొర, పైన సుఖమైన పొర, రెండింటి మధ్య తలుపు తెరిచే ఉండాలి. ఓపెన్‌మ్యాక్స్ పైపొరను మాత్రమే ఇచ్చి తలుపు మూసేసింది.

తయారైన ఫ్రేమ్ ఎటు పోతుంది

ఇక అసలు విషయం. ఏపీఐ పత్రాల్లో సగానికి పైగా పేజీలు డీకోడింగ్ ఆజ్ఞల గురించే ఉంటాయి. ప్లేయర్ రాసేవాడి రాత్రులను మింగేది మాత్రం ఆ తర్వాతి ఘట్టం.

1080 వరుసల వీడియోను 16 వరుసల బ్లాకులుగా కోస్తే 67 బ్లాకులు పోగా సగం బ్లాకు మిగులుతుంది. అందుకని డీకోడర్ 1088 వరుసలు కడుతుంది, చివరి ఎనిమిదీ చూపకూడనివి. ఇంటర్‌ఫేస్ కట్టిన ఎత్తు, చూపే ఎత్తు అనే రెండింటినీ విడిగా చెప్పకపోతే తెర అడుగున ఆకుపచ్చ గీత పడుతుంది. ఆ గీతను చూడని వీడియో ప్రోగ్రామర్ ఉండడు.

తర్వాత అమరిక. సర్వసాధారణమైన ఎన్‌వీ12 అంటే ముందు వెలుగు విలువలు, వెనక జంటలుగా రంగు విలువలు. పేరుకు అంతే. మెమరీలో అవి వరుసగా ఉండవు. బ్యాండ్‌విడ్త్ కలిసొస్తుందని చిప్‌లు చిన్న చిన్న పలకలుగా పేర్చుకుంటాయి, కొన్ని కుదించి కూడా పెడతాయి. ఆండ్రాయిడ్ తొలినాళ్లలో క్వాల్‌కామ్ ఫోన్లు 64, 32 పిక్సెళ్ల పలకల సొంత అమరికలో ఫ్రేములిచ్చేవి. ప్రతి తయారీదారు అమరికా వేరైతే ఫ్రేమ్‌ను చదివి ఏదైనా చేద్దామనుకున్న యాప్‌కు దిక్కు లేదు. ఆండ్రాయిడ్ 5.0తో వచ్చిన ‘ఫ్లెక్సిబుల్’ అమరిక ఈ గొడవను కొంత తీర్చింది. లైనక్స్‌లో ఫార్మాట్ మాడిఫయర్లు దీన్ని ఇంకా బాగా తీర్చాయి. ప్రతి అమరికకూ ఒక 64 బిట్ల గుర్తు ఉంటుంది. డీకోడరూ తెరా తమకు అర్థమయ్యే గుర్తుల జాబితాలు చెబుతాయి, ఉమ్మడిగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు.

కాపీల సంగతి చూడండి. 10 బిట్ల 4కే ఫ్రేమ్ మెమరీలో దాదాపు 2.5 కోట్ల బైట్లు. సెకనుకు 60 అంటే 1.5 గిగాబైట్లకు దగ్గర. ఒక్క అనవసరపు కాపీ చేస్తే చదవడానికి అంత, రాయడానికి అంత. డీకోడింగ్‌లో మిగిల్చిన కరెంటు ఇక్కడ పోతుంది. పైగా కార్డు మెమరీని సీపీయూ మామూలుగా చదవబోతే నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే అది క్యాష్‌లోకి రాదు. దానికోసమే ఇంటెల్ ప్రాసెసర్లలోని ప్రత్యేక స్ట్రీమింగ్ ఆజ్ఞను వెతికి వాడుకున్న ప్లేయర్లున్నాయి. డీకోడింగ్ ఇంటర్‌ఫేస్‌ను తెరతో, గ్రాఫిక్స్‌తో సంబంధం లేకుండా రూపొందిస్తే ఇలాగే అవుతుంది. ఎక్స్‌వీఎంసీ ఫ్రేములను దాని దారినే చూపించాలి తప్ప ఓపెన్‌జీఎల్‌కు అందించే వీలుండేది కాదు. వీడీపీఏయూ ఇంకో కొస పట్టుకుంది. డీఇంటర్‌లేసింగ్, రంగుల మార్పు, సమయానికి చూపించే క్యూ, అన్నీ తనలోనే కలుపుకుంది. 2008లో అది అద్భుతంగా పనిచేసింది. కానీ ఎక్స్ సర్వర్‌తో ముడిపడి ఉండటంతో డెస్క్‌టాప్‌లు ఎక్స్ బదులు వేలాండ్ వైపు మళ్లినప్పుడు దానితో పాటు కదలలేకపోయింది. వీఏ-ఏపీఐ మొదట్లో బీదగా కనిపించినా, ఫ్రేమ్‌ను ఇతరులతో పంచుకోగల మెమరీ బఫర్ (డీఎంఏ-బఫ్)గా బయటికి ఇచ్చే దారి తెరిచింది కనుకే బ్రౌజర్లలోకి, వేలాండ్‌లోకి వెళ్లగలిగింది. తక్కువ పని చేసి, చేసినదాన్ని ఎవరికైనా అందించగల ఇంటర్‌ఫేసే ఎక్కువ కాలం బతికింది.

ఫ్రేములు ఎన్ని కావాలి? హెచ్.264 ప్రమాణం ప్రకారం 4.1 లెవెల్‌లో ఫుల్ హెచ్‌డీకి గరిష్ఠంగా నాలుగు ఆధార ఫ్రేములు, చిన్న రెజల్యూషన్లకు పదహారు దాకా. కానీ తెర మీద ఒకటి ఉంటుంది, తెర కోసం వరుసలో ఒకటి రెండుంటాయి, ఫిల్టర్ చేతిలో కొన్ని ఉంటాయి. వీఏ-ఏపీఐ, డీఎక్స్‌వీఏ మొదట్లో వీటన్నిటినీ ముందే లెక్కగట్టి ఒకేసారి కేటాయించమన్నాయి. డీకోడర్‌కు తెర అవసరం తెలియదు, తెరకు డీకోడర్ అవసరం తెలియదు. అంచనా తప్పితే ఖాళీ ఫ్రేమ్ దొరక్క వీడియో ఆగిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అదనపు ఫ్రేములు ఎన్ని కావాలో వాడేవాడే చెప్పుకునే ఆప్షన్ అందుకే పుట్టింది. బ్రౌజర్ల వెబ్‌కోడెక్స్ ఇక్కడ నిజాయితీగా వ్యవహరించింది. జావాస్క్రిప్ట్‌లో చెత్త ఏరే యంత్రాంగం ఉన్నా సరే, వాడుకున్న ఫ్రేమ్‌ను నువ్వే మూసెయ్యాలి అని చెబుతుంది. మూయకపోతే డీకోడర్ ఆగిపోవచ్చు. వెబ్ ప్రోగ్రామర్లకు ఇది కొత్తగా తోచింది. కానీ ఫ్రేమ్ ఎప్పటివరకు నీది, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్నది దాచిపెట్టకుండా ముఖాన చెప్పడమే దారి.

ఏవీ1లోని ఫిల్మ్ గ్రెయిన్ ఈ ప్రశ్నను ఇంకా పదునుగా అడిగింది. సినిమా రీలు మీది ఇసుక రవ్వల్లాంటి నలుసును కుదించడం కష్టం. అందుకని దాన్ని తీసేసి కుదించి, చూపేటప్పుడు తిరిగి చల్లుతారు. అంటే ఒకే ఫ్రేమ్‌కు రెండు రూపాలు. నలుసు లేనిది తర్వాతి ఫ్రేములకు ఆధారం, నలుసు చల్లినది తెరకు. అప్పటిదాకా డీకోడ్ చేసిన ఫ్రేమే చూపే ఫ్రేమ్ అనే ఊహ మీద కట్టుకున్న ఇంటర్‌ఫేసులన్నీ ఇబ్బందిపడ్డాయి. వీఏ-ఏపీఐ ఏవీ1 కోసం చూపే ఫ్రేమ్‌కు విడిగా ఒక గడి చేర్చుకుంది. వల్కన్ మొదటి నుంచే ఆధార చిత్రం వేరు, బయటికిచ్చే చిత్రం వేరు కావచ్చని అనుకుంది కనుక నలుసు కావాలా అన్న ఒక్క ప్రశ్న ప్రొఫైల్‌లో చేరిస్తే సరిపోయింది.

చేయగలవా అని అడిగితే

ఈ వీడియో ఆడగలవా అని యాప్ అడిగితే ఇంటర్‌ఫేస్ నిజం చెప్పాలి. అనుకున్నంత తేలిక కాదు. కోడెక్ పేరు, ప్రొఫైల్, లెవెల్, బిట్ల లోతు, గరిష్ఠ కొలతలు, ఒకేసారి ఎన్ని వీడియోలు, ఇవన్నీ కలిస్తేనే జవాబు. వెబ్‌లో మీడియా కేపబిలిటీస్ ఇంటర్‌ఫేస్ మూడు ముక్కల జవాబిస్తుంది: ఆడగలనా, తడబడకుండా ఆడగలనా, కరెంటు తక్కువగా ఆడగలనా. నాకు నచ్చిన రూపకల్పన ఇది. వాడేవాడికి కావలసింది సరిగ్గా ఆ మూడే. ఆండ్రాయిడ్‌లో ఒక డీకోడర్ హార్డ్‌వేరా సాఫ్ట్‌వేరా అని సూటిగా అడిగే వీలు 10వ వెర్షన్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా డీకోడర్ పేరులోని మొదటి అక్షరాలు చూసి ఊహించుకునేవారు.

చేయగల చిప్ ఉన్నా జవాబు లేదు అని రావచ్చు. 2022 సెప్టెంబరులో లైనక్స్ పంపిణీ ఫెడోరా తన మెసా గ్రాఫిక్స్ డ్రైవర్లలో హెచ్.264, హెచ్.265, వీసీ-1 కోడెక్‌ల హార్డ్‌వేర్ దారిని పేటెంట్ల భయంతో తీసేసింది. సర్క్యూట్ అక్కడే ఉంది, నిన్న పనిచేసింది, ఇవాళ లేదు. యాప్ రాసేవారు సామర్థ్యాన్ని ప్రతిసారీ అడగాలి తప్ప చిప్ మోడల్ చూసి నమ్మకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

భద్రత గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ముక్కూ మొహం తెలియని చోటి నుంచి వచ్చిన బిట్లను చదవడం ప్రమాదకరమైన పని. 2015లో ఆండ్రాయిడ్ మీడియా లైబ్రరీ స్టేజ్‌ఫ్రైట్‌లో లోపాలు బయటపడ్డాక మీడియా ప్రక్రియలను ముక్కలుగా విడదీసి ఒక్కొక్కదాన్నీ కట్టడి చేయవలసి వచ్చింది. 2023లో వాస్క్వెజ్, చెకోవే, షాకమ్ హెచ్26ఫోర్జ్ అనే పనిముట్టుతో వ్యాకరణం తప్పని, అర్థం మాత్రం చెడగొట్టిన హెచ్.264 ఫైళ్లు పుట్టించి, ఐఓఎస్ కెర్నల్‌లోని వీడియో డ్రైవర్ సహా పలుచోట్ల లోపాలు పట్టుకున్నారు. హెడర్లు చదివే పని కెర్నల్‌లో ఉండకూడదనడానికి ఇది గట్టి ఆధారం. ఆ పని కట్టడిలో ఉన్న యాప్ ప్రక్రియ చేయాలి. కెర్నల్ తనకొచ్చిన అంకెలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూసి ముందుకు పంపాలి. స్థితిరహితం వైపు మొగ్గడానికి నాకు ఇది ఇంకో కారణం.

అసలు హార్డ్‌వేర్ కావాలా అని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. ఎంపీవీ ప్లేయర్ చాలా ఏళ్లు చెప్పకుండా హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడేది కాదు. వీడియోల్యాన్ వాళ్ల డావిడ్ డీకోడర్ వచ్చాక ఏవీ1ను మామూలు సీపీయూల మీద హాయిగా ఆడించగలుగుతున్నారు. ఆండ్రాయిడ్‌లోని హెచ్.264, హెచ్‌ఈవీసీ (హెచ్.265) సాఫ్ట్‌వేర్ డీకోడర్లు మన బెంగళూరు ఇట్టియమ్ సంస్థ రాసినవే. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో హెచ్‌ఈవీసీ సర్క్యూట్ ఉంచి, హెచ్.264 సర్క్యూట్ తీసేశారు. సీపీయూ చాలునన్నారు. కానీ ఇవన్నీ కరెంటు ప్లగ్గు పక్కనున్న పరికరాలకో, తక్కువ రెజల్యూషన్లకో సరిపోయే జవాబులు. చేతిలో పట్టుకుని రెండున్నర గంటల సినిమా చూసేవాడికి హార్డ్‌వేరే దిక్కు. సాఫ్ట్‌వేర్ డీకోడర్ విలువ వేరే చోట ఉంది. హార్డ్‌వేర్ చేతులెత్తేసిన ప్రతిసారీ ఆడించేది అదే. అందుకే ఇంటర్‌ఫేస్ ఆ మార్పిడిని ముందే ఊహించి ఉండాలి.

వల్కన్ దగ్గరికి వచ్చేసరికి

ఈ అనుభవమంతా ఒకచోట చేరింది వల్కన్ వీడియోలో. 2021 ఏప్రిల్‌లో తాత్కాలిక రూపం విడుదలైంది. 2022 డిసెంబరులో హెచ్.264, హెచ్.265 డీకోడింగ్ ఖరారయ్యాయి. ఏవీ1 2024 ఆరంభంలో చేరింది. హెడర్లు యాప్ చదవాలి, ఆధార ఫ్రేముల గళ్లు యాప్ నిర్వహించాలి, మెమరీ యాప్ కేటాయించాలి, పనుల మధ్య వరుసను సెమఫోర్లతో యాప్ చెప్పాలి. డీకోడర్‌కు వేరే క్యూ ఉంటుంది, ఫ్రేమ్ మాత్రం మామూలు వల్కన్ చిత్రమే, కనుక గ్రాఫిక్స్‌కు అందించడానికి ప్రత్యేక తతంగం లేదు. కోడెక్‌కు చెందిన నిర్మాణాలను విడి హెడర్ ఫైళ్లలో పెట్టారు, కొత్త కోడెక్ వస్తే అసలు ఇంటర్‌ఫేస్ కదలదు. 2023 నవంబరులో వచ్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ 6.1లో ఇది చేరింది.

లోపం లేదనను. మాటలు మరీ ఎక్కువ. ఒక ఫ్రేమ్ తెరమీదికి రావడానికి వందల వరుసలు రాయాలి. మొదట్లో చిత్రాన్ని సృష్టించేటప్పుడే ఏ కోడెక్ ప్రొఫైల్‌కు వాడతావో చెప్పమనేది, అది సాధారణ గ్రాఫిక్స్ ప్రోగ్రామర్లను కంగారు పెట్టింది. ఫర్మ్‌వేర్‌తో నడిచే ఫోన్ డీకోడర్లను ఈ మూసలోకి తేవడం సులువు కాదు. అయినా పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ ఇంత సూటిగా జవాబు చెప్పిన ఇంటర్‌ఫేస్ ఇంతకుముందు లేదు. చరిత్ర యాప్‌ది, ఫ్రేమ్ కూడా యాప్‌దే. డెస్క్‌టాప్‌ల మీద కొత్తగా ప్లేయర్ మొదలుపెట్టేవారు దీనితో మొదలుపెట్టాలని, పాత డ్రైవర్ల కోసం వీఏ-ఏపీఐని వెనక ఉంచుకోవాలని నా సలహా.

హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ చిప్ కంపెనీల్లో డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ రాస్తున్న మనవాళ్లకు ఒక విన్నపం. మీ డీకోడర్ ఇంటర్‌ఫేస్ పత్రంలో ఆజ్ఞల జాబితా కన్నా ముందు మూడు విషయాలు రాయండి: ఫ్లష్ చేస్తే కచ్చితంగా ఏమేం చెరుగుతుందో, మధ్యలో కొలతలు మారితే ఏ బఫర్లు చెల్లుతాయో, యాప్ పట్టుకున్న ఫ్రేమ్ మీద హార్డ్‌వేర్ మళ్లీ ఎప్పుడు రాయవచ్చో. డ్రైవర్ బయటికి పంపే ముందు ఫ్లూయెండో సంస్థ ఇచ్చిన ఫ్లస్టర్ పరీక్షలు నడపండి. అది ఓపెన్ సోర్స్, ప్రమాణ సంస్థల పరీక్ష స్ట్రీములను డీకోడ్ చేయించి ఫలితాల చెక్‌సమ్‌లను పోల్చి చూస్తుంది.